పుట్టలో పురుడు

కొండల వెనక ఉన్న ఆ అడవిలో వాన ఆగినా వాన ఆగదు. మబ్బు వెళ్ళిపోయాక కూడా ఆకుల మీంచి ఆకుల మీదికి, తీగల మీంచి నాచు మీదికి నీళ్ళు దిగుతూనే ఉంటాయి. ఎండ అక్కడికి చుట్టపుచూపుగా వస్తుంది. ఒక ఆకును ముట్టుకుని, సిగ్గుపడి వెళ్ళిపోతుంది. అలాంటి అడవిలో, ఒక అడవి పనస చెట్టు రెండు పెద్ద వేళ్ళ మధ్య మనిషెత్తు చెదపుట్ట ఒకటి ఉండేది. దూరం నుంచి చూస్తే ఎవరో ముసుగు కప్పుకుని, ఎవరికోసమో ఎదురుచూస్తూ కూర్చున్నట్టు ఉండేది.

నిజానికి ఆ పుట్ట ఎదురుచూస్తూనే ఉండేది కూడా. అడుగున ఉన్న గదిలో పుట్టమ్మ అనే చెదల రాణి ఉండేది. ఆవిడ పొట్ట ఎంత పెరిగిందంటే, ఆ గదిలోకి ఏ దారిన వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యంగా ఉండేది. పుట్టలో ఉన్నవాళ్ళంతా ఆవిడ పిల్లలే. వాళ్ళలో రెక్కలున్న ఆడపిల్లలు ప్రతి తొలకరికీ ఉసిళ్ళై ఎగిరిపోయేవారు. పెళ్ళిళ్ళు చేసుకోవడానికే ఆ ఎగరడం. పుట్టమ్మ అందరినీ దీవించి పంపేది, తొలి కాన్పుకు మాత్రం పుట్టింటికే రావాలే అని మరీ మరీ చెప్పేది. ఇన్నేళ్ళలో ఒక్క కూతురూ రాలేదు. దారిలో కప్పలుంటాయని, బల్లులుంటాయని, పిట్టలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయని ఆవిడకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆవిడ ప్రతి యేడూ పై అంతస్తులో ఒక పురిటి గది అలికించి ఉంచేది. అది ప్రతి యేడూ ఖాళీగానే ఉండేది.

చెదలకు కళ్ళు లేవు. చెవులను కూడా మరీ అంత నమ్మడానికి లేదు. గోడలు మందం కదా, బయటి మాట సగం మట్టిలోనే ఇంకిపోయి మిగతా సగం లోపలికి చేరేది. ఆ సగానికి తక్కింది తాము కలుపుకునేవారు.

ఆ యేడు తొలకరి నాటి సాయంత్రమే తళుకు అనే చీమ పిల్లకు కూడా పెళ్ళయింది. చీమల్లోనూ రెక్కలున్నవాళ్ళ పెళ్ళి గాలిలోనే జరుగుతుంది. ఆ గాలికి అడవి మల్లెల వాసన పట్టి ఉంది. పెళ్ళికొడుకు ఆమె చుట్టూ మూడు పెద్ద సున్నాలు చుట్టి, ఆమెకంటే కొంచెం కింద ఎగురుతూ, నువ్వు పడితే నా మీద పడతావులే అన్నాడు. అంత మంచి మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఒక వెడల్పాటి ఆకు మీద దిగారు. అతను కాసేపు మీసాలు ఆడించాడు, ఆపైన ఆడించలేదు. చీమల మగవాళ్ళ ఆయుష్షు అంతే. తళుకు తన రెక్కలు తానే విరుచుకుని ఆయన పక్కన పెట్టింది, కప్పుకోవడానికి.

ఇక కడుపులో పిల్లలున్నారు, తలదాచుకోవడానికి చోటు లేదు. పుచ్చిన దుంగలో ఒక గది ఉందని వెళితే అక్కడి పెంకుపురుగు, ఒంటరి ఆడదానికి అద్దెకివ్వనంది. వెదురు బొంగులో కప్ప ఉంది. ఆయన రమ్మన్నాడు గానీ, రమ్మన్న తీరు ఆమెకు నచ్చలేదు. నేల మీద గుంట తవ్వుకుంటే అది తవ్వుతుండగానే నీళ్ళు నిండింది. తడిసి, వణికి, చివరికి పనస వేళ్ళ మధ్య ఉన్న పుట్ట దగ్గరికి చేరింది. చెదలకూ చీమలకూ తరతరాల పగ. అయినా ఆమె కాళ్ళు ఇంక నడిచేలా లేవు.

గుమ్మంలో దిమ్మయ్య ఉన్నాడు. ఆ పుట్టకు కాపలా అతనే, తలుపు కూడా అతనే. తల ఎంత పెద్దదంటే, దాన్ని గుమ్మంలో ఇరికిస్తే చినుకు కూడా లోపలికి పోదు.

"ఎవరది, ఏం కావాలి?" అన్నాడు తల తియ్యకుండా.

తళుకు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఈ పుట్టలో ఒక చిన్న ఇల్లు కావాలని అడుగుదామనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం, "పుట్ట... ఇల్లు... కడుపుతో ఉన్నాను" అని మూడు ముక్కలే.

దిమ్మయ్య తల గుమ్మంలోంచి ఊడిపోయింది.

"పుట్టిల్లా? పుట్టిల్లని వచ్చావా చెల్లీ? కడుపుతో వచ్చావా?"

ఆ మాట పుట్టంతా పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. చెదలు తలలతో గోడలు కొట్టుకుంటూ కబురు పంపుకుంటారు. పుట్ట మొత్తం డోలులా మోగింది. తళుకు కాదని చెప్పబోయింది. అప్పటికే ఇరవై మంది ఆమెను ఎత్తుకుని లోపలికి తీసుకుపోతున్నారు, దారిలో ఆమె కాళ్ళు తుడుస్తున్నారు, దిష్టి తీస్తున్నారు. పుట్టమ్మ గదిలో దించేసరికి ఆ ముసలావిడ మీసాలు తళుకు మొహమంతా తడిమాయి.

"వచ్చావుటే అమ్మా," అంది పుట్టమ్మ. అంతే అంది. ఆ గొంతు విన్నాక, నేను మీ అమ్మాయిని కానండీ అని చెప్పడం తళుకు వల్ల కాలేదు. వెచ్చగా ఉంది. బయట వాన పడుతోంది.

తడుముతూ తడుముతూ పుట్టమ్మ చేతులు తళుకు నడుము దగ్గర ఆగాయి. చెదలకు నడుమంటూ ఉండదు, పైనుంచి కిందిదాకా ఒకటే మందం. చీమకేమో అది వెంట్రుకంత.

"ఇదేమిటే, నడుము ఇంత సన్నబడిపోయింది? అత్తారింట్లో నీకు తిండి పెట్టలేదా?"

ఆ ప్రశ్నకు పుట్టలో ఉన్న ఆడవాళ్ళంతా ముక్కులు చీదారు. ఎక్కడికి ఇచ్చామో ఏమో, పిల్లను ఎండగట్టేశారు అని ఒకరు, మీసాలు కూడా వంచేశారు చూడు అని ఇంకొకరు. ఒంటి వాసన మారిపోయిందేమని ఎవరో అంటే, అత్తారింటి వాసన అంత తొందరగా పోతుందా అని నలుగురు సమాధానం చెప్పారు. తళుకు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడాల్సినవన్నీ వాళ్ళే ఆడేసుకున్నారు.

ఆమెను పురిటి గదిలో పెట్టారు. దానికి బయటి గోడలో వేలు పట్టేంత కన్నం ఒకటి ఉంది. పుట్టగొడుగులతో పథ్యం పెట్టారు. పురిటాలికి గాలి తగలకూడదని చెవుల్లో బూరుగు దూది పెట్టబోయి, చెవులెక్కడున్నాయో వెతికి వెతికి దొరక్క, తలకంతా దూది చుట్టారు. ఈ ఏర్పాట్లన్నీ చూసింది బంకమ్మ. ఇంటికి పెద్ద కూతురు, పెళ్ళి చేసుకోలేదు, తాపీపని ఆమెదే. గోడ ఎక్కడ బీటలిచ్చినా ముందు ఆమెకే తెలుస్తుంది. ఆచారాలన్నీ ఆమెకు కంఠస్థం. నమ్మకం మాత్రం ఎవరి మీదా లేదు.

తళుకు గుడ్లు పెట్టింది. మర్నాడూ పెట్టింది. ఆ మర్నాడూ పెట్టింది. పుట్టమ్మకు ఇది వింతేమీ కాదు, ఆవిడ చేసే పనీ అదే. మా అమ్మాయి అచ్చం నా పోలికే అని మురిసిపోయింది. వానలు ముదిరేసరికి మొదటి గుడ్లలోంచి వచ్చిన పిల్లలు మెత్తటి పొట్లాల్లో చుట్టుకుని ఇంకో నిద్ర పోతున్నాయి. తళుకు రోజూ వాటిని నాకి శుభ్రం చేసేది. ఒక్కొక్క పొట్లాన్నీ ఎత్తి, మీ నాన్న చాలా బాగా ఎగిరేవాడర్రా అని చెప్పేది. అవి నిద్ర లేచాయంటే ఇక ఆమెకు భయం లేదు. పని చేసేవాళ్ళు, కరిచేవాళ్ళు, తవ్వేవాళ్ళు తనకంటూ ఉంటారు. అప్పటిదాకా ఈ గోడ నిలవాలి, ఈ చుట్టరికం నిలవాలి.

ఒక మధ్యాహ్నం బంకమ్మ వచ్చి గదిలో కూర్చుంది. పనిలేకుండా ఆమె ఎప్పుడూ కూర్చోదు.

"ఇంతకీ మా మరిదిగారు రాలేదేం?" అంది.

తళుకు ఏదో గొణిగింది. దూరం అంది, వానలంది. బంకమ్మ విని ఊరుకోలేదు. ఏ ఇంట్లో పురుడు పోసినా మొగుడు తొంగిచూడకుండా ఉండడని, తొంగిచూడలేదంటే మొగుడన్నా లేడు, కూతురన్నా కాదని తేల్చింది. నడుము సంగతి తాను మర్చిపోలేదంది. చీమల నడుములు అలా ఉంటాయని ఎవరో చెప్పగా విన్నానంది.

"అమ్మ ఆశ పడుతోందని నోరు మూసుకున్నాను. అల్లుడు వచ్చాడా సరే, నా తల గోడకు కొట్టుకుని క్షమించమంటాను. ఈ మబ్బు విడిచేలోగా రాలేదనుకో, నిన్నూ నీ గుడ్లనూ తీసుకెళ్ళి వానలో పెట్టి కన్నం పూడ్చేస్తాను."

బయట వాన ఎలా ఉందంటే, రాలిన ఆకులు పడవల్లా కొట్టుకుపోతున్నాయి. ఆ నీళ్ళలో పొట్లాలు ఒక్క క్షణం కూడా ఉండవు. తళుకు గుడ్లన్నిటినీ గోడ వారకు చేర్చి, వాటి ముందు కూర్చుంది. పెళ్ళినాటి గాలి ఎటు పోయిందో అనుకుంది.

సరిగ్గా అప్పుడే వచ్చాడు అలుగు.

అలుగంటే ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, మూరెడు నాలుక, చీమలూ చెదలూ తప్ప ఇంకేమీ తినని జంతువు. ఈ అలుగు బద్ధకస్తుడు, దానికి తోడు తెలివైనవాణ్ణన్న నమ్మకం ఒకటి. పోయిన ఎండాకాలం ఈ పుట్టనే తవ్వబోయి కుడిచేతి పెద్ద గోరు విరగ్గొట్టుకున్నాడు. ఎండకు ఆ గోడ రాయి కంటే గట్టిపడి ఉంది. వానకు మెత్తబడిందేమో చూద్దామని వచ్చి, గుమ్మం దగ్గర ముక్కు ఆనించి వాసన పీల్చాడు.

"ఎవరది?" అన్నాడు లోపలినుంచి దిమ్మయ్య.

తినబోయేవాళ్ళతో మాట్లాడే అలవాటు అలుగుకు లేదు. తడబడి నిజమే చెప్పేశాడు.

"నేను... అలుగును."

"అదేమిటండీ, ఇప్పుడేగా వచ్చారు. అప్పుడే ఎందుకు అలగడం?"

"ఎందుకేమిటి, నేను పుట్టుకతోనే అలుగును. మా నాన్నా అలుగే."

దిమ్మయ్య గోడకేసి తల బాదుతూ కబురు పంపాడు, బావగారొచ్చారు, వస్తూనే అలిగారు, వాళ్ళ ఇంట్లో అందరూ అంతేనట.

పుట్టలో పండగైపోయింది. అందరికంటే ముందు నమ్మింది బంకమ్మే. గుమ్మంలో కాలు పెట్టకుండానే అలిగాడంటే అల్లుడు కాక ఇంకెవరు, బయటివాళ్ళకు మనమీద అలిగే అవసరం ఏముంటుంది అని ఆమె వాదన. తళుకు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, చెప్పినట్టే గోడకు తల కొట్టుకుని క్షమించమంది. తళుకు క్షమించలేదు, వినలేదు కూడా. కన్నంలోంచి వచ్చిన వాసన తగిలి ఆమె గుడ్లన్నిటినీ కన్నానికి దూరంగా లాగుతోంది. ఆ వాసన చీమలకు గుడ్డులోనే తెలుస్తుంది.

బయట అలుగు మొదట తికమకపడ్డాడు. అల్లుడుగారూ, బాబూ, దయచేసి అలక మానండి అని లోపలినుంచి వందల గొంతులు బతిమాలుతున్నాయి. వాడు కాసేపు విన్నాడు. విన్నకొద్దీ పొలుసులు సర్దుకున్నాడు. కూర్చునే తీరు మార్చాడు. గడ్డం పైకెత్తాడు.

"సరే, అలిగానే అనుకోండి," అన్నాడు. "అలక తీరాలంటే ఏమిస్తారు?"

ఏం కావాలో కోరుకోమని పుట్టమ్మ కబురంపింది. తనకు బంగారం వద్దు, పట్టుపంచె వద్దు, ఈ గోడ ఒక్కటి తీసేస్తే లోపలికి వచ్చి తనవాళ్ళందరినీ కళ్ళారా చూసుకుని, కడుపునిండా భోంచేసి వెళతానన్నాడు అలుగు. ఎంత ప్రేమో, అందరినీ చూడాలట అని పుట్టమ్మ కళ్ళు లేకపోయినా కళ్ళు తుడుచుకుంది. గోడ లోపలినుంచి తడిపి మెత్తబరచమని బంకమ్మకు చెప్పింది. తాపీవాళ్ళు నోళ్ళనిండా నీళ్ళు పట్టి బయల్దేరారు.

అలుగు ఈలోగా చుట్టూ తిరిగి పురిటి గది కన్నం దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయీ," అన్నాడు గుసగుసగా. "నువ్వు చీమవని వాసన చెబుతోంది. నీదీ దొంగ చుట్టరికమే, నాదీ దొంగ చుట్టరికమే. నా సంగతి నువ్వు ఎత్తకు, నీ సంగతి నేను ఎత్తను. గోడ పడ్డాక వాళ్ళను నేను చూసుకుంటాను. నీ గుడ్ల జోలికి రాను."

"ఒట్టేనా?"

"అల్లుడి మాటమ్మా."

అంటూనే నాలుకతో పెదాలు రెండువైపులా తడుపుకున్నాడు. తళుకు ఆ చప్పుడు విన్నది. అరిస్తే అలుగు తన గుట్టు బయటపెడతాడు, గుడ్లు వానలో పడతాయి. ఊరుకుంటే గోడ పడుతుంది, ప్రతి యేడూ ఒక గది అలికించి కూర్చునే ముసలావిడ ఆ నాలుక మీదికి పోతుంది. ఆ గదిలోనే కదా తాను ఇన్నాళ్ళూ పడుకుంది. ఇటు కాదు, అటు కాదు. తన పిల్లలు నిద్ర లేవడానికి ఇంక కొంచెమే ఉంది. లేస్తే కరుస్తారు. ఆ కొంచెం సేపు ఎవరిస్తారు?

బంకమ్మ ఇస్తుందనిపించింది.

"అక్కా," అని పిలిచింది తళుకు. "గోడ తియ్యడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ బారసాల కాకుండా తండ్రి పురిటింట్లో భోంచెయ్యచ్చా?"

బంకమ్మ నోట్లో నీళ్ళు ఉమ్మేసింది. ఇంత పెద్ద తప్పు తన చేతుల మీదుగా జరిగిపోయేదే అని ఆమెకు చెమటలు పట్టాయి. తాపీవాళ్ళందరినీ వెనక్కి పిలిచింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, మరిదిగారు ఏమీ అనుకోకూడదు, తండ్రి ఒక్కొక్క బిడ్డకూ పేరు పెట్టి, ఆ పేరు మూడుసార్లు బిడ్డకు చెప్పాలి, అందరికీ అయ్యాకే గోడ, ఆపైనే విస్తరి అని చెప్పింది.

అలుగుకు నవ్వొచ్చింది. పేర్లదేముంది, నోటి మాటే కదా అనుకున్నాడు. ఎంతమంది పిల్లలో అడగడం మర్చిపోయాడు.

తళుకు ముందుగా అప్పుడే పెట్టిన గుడ్లను కన్నం దగ్గరికి తెచ్చింది. చిన్నవాళ్ళతో మొదలుపెట్టడం మంచిదంది. పొట్లాల్లో ఉన్న పెద్దపిల్లలను చివరికి ఉంచింది. అలుగు గొంతు సవరించుకుని హుందాగా ప్రారంభించాడు. చిగురు, చిగురు, చిగురు. నేరేడు, నేరేడు, నేరేడు. వెన్నెల, తొలకరి, సంపెంగ. మంచి పేర్లే పెట్టాడు, వాడిలోనూ కొంచెం రసికత ఉంది. ఒక్కొక్క పేరుకూ లోపల పుట్టమ్మ ఆహా అంటోంది. వాడికి అది కూడా బాగానే ఉంది.

చెట్ల పేర్లు అయిపోయాయి. పూల పేర్లు అయిపోయాయి. కన్నంలో గుడ్డు తర్వాత గుడ్డు వస్తూనే ఉంది. ఇటు వాడు పేర్లు చెబుతుండగానే అటు తళుకు మధ్యమధ్యలో ఇంకో గుడ్డు పెడుతోంది. అలుగు కొండల పేర్లు వాడాడు, వాగుల పేర్లు వాడాడు, చిన్నప్పుడు తనను తరిమిన కుక్క పేరు కూడా వాడాడు. మళ్ళీ చిగురు అనబోతే బంకమ్మ పట్టుకుంది.

"ఆ పేరు ఇచ్చేశారు మరిదిగారూ. ఇద్దరికీ ఒకే పేరు పెడితే పిలిచినప్పుడు ఇద్దరూ వస్తారు, లేకపోతే నిన్ను పిలిచారంటే నిన్ను పిలిచారని ఇద్దరూ రారు."

వాన ఆగింది, మళ్ళీ మొదలైంది. తెల్లవారింది కూడా. అలుగు పొట్టలో కప్పలు అరుస్తున్నట్టుగా ఉంది. గుడ్లు అయి, పొట్లాల్లో ఉన్న పెద్దపిల్లల వరస వచ్చేసరికి వాడికిక పేర్లు తోచడం లేదు.

"అబ్బా, ఇంకెంతమంది?" అన్నాడు.

"ఇంకెంతమంది," అంది బంకమ్మ శ్రద్ధగా. "కొత్తగా ఉంది. ఇంకో రెండుసార్లు అనండి."

"ఇంకెంతమంది, ఇంకెంతమంది అని అడుగుతున్నాను."

"అయింది. తర్వాతి బిడ్డ."

పెద్దపిల్లల వరస అలా సాగింది. చాల్లే అన్నాడు, ఒకర్తె చాల్లే అయింది. నీరసం అన్నాడు, ఇంకొకర్తె నీరసం అయింది. మూడుసార్లు చెప్పమనాల్సిన అవసరం కూడా లేకపోయింది, ఏదైనా వాడు మూడుసార్లు అంటూనే ఉన్నాడు. కళ్ళుతిరుగుతున్నాయి అని ఒక పిల్ల. నన్నొదిలెయ్యండి అని ఒక పిల్ల. ఏ జన్మలో పాపమో అన్నాడు. అది మరీ పొడుగని పుట్టమ్మ అభ్యంతరం చెప్పింది, ముద్దుగా పాపమో అని పిలుచుకుందామని బంకమ్మ సర్దిచెప్పింది.

ఇక అలుగుకు ఓపిక పోయింది. ఆచారమూ వద్దు, అల్లుడరికమూ వద్దు అనుకుని, మూరెడు నాలుక తీసి కన్నంలోకి పోనిచ్చాడు.

అదే సమయానికి లోపల మొదటి పొట్లం కదిలి, చిరిగింది. లేత రంగులో, ఇంకా కాళ్ళు సరిగా నిలవని చీమ పిల్ల ఒకటి బయటికొచ్చి కళ్ళు నులుముకుంది. ఎదురుగా ఎర్రగా, మెత్తగా, వెచ్చగా ఏదో ఉంది. దాని వెనకనుంచి, నిద్రలో తనను మూడుసార్లు పిలిచిన ఆ గొంతు ఊపిరి వస్తోంది. తళుకు దాన్ని వెనక్కి లాగేలోపు, కరవమని అరిచేలోపు అది నాలుక ఎక్కేసింది.

అలుగు నాలుకను వెనక్కి తీసుకున్నాడు. చివర ఆ పిల్ల నిలబడి ఉంది. పుట్టి బుద్ధెరిగి వాడు తిన్న చీమలు ఏవీ వాడి మొహంలోకి చూడలేదు. ఇది చూసింది.

"నాన్నా," అంది. "నేను ఇంకెంతమందిని."

అలుగు నోరు తెరిచే ఉంది. నాలుక బయటే ఉంది. మూసేస్తే అయిపోతుంది. వాడు మూయబోయాడు. ఇది ఇంకెంతమంది కదా, ఈ పేరు నేనే కదా పెట్టాను అనిపించింది. పేరు తెలియని చీమను తినడమంటే తినడమే. ఇంకెంతమందిని తినడమంటే అది వేరే సంగతిలా ఉంది. వాడు ఆలోచిస్తుండగానే నాలుక మీదికి ఇంకొన్ని ఎక్కాయి. నాన్నా నేను చాల్లేని, నాన్నా నేను నీరసాన్ని, కళ్ళుతిరుగుతున్నాయి నన్ను తోసేస్తోంది చూడు నాన్నా. పాపమో అన్నిటికంటే చిన్నది, అది వాడి ముక్కు మీద కూర్చుని అక్కడే నిద్రపోయింది.

నాలుక బయటపెట్టి మాట్లాడ్డం కుదరదు. "ఆఁ, ఆఁ, ఆఁ" అన్నాడు అలుగు, ఎవరైనా వచ్చి వీళ్ళను దించండి అని అర్థం వచ్చేలా. బంకమ్మ ఆ పేరు కూడా ఒక గుడ్డుకు ఖాయం చేసింది.

చివరికి వాడే నాలుకను మెల్లగా కన్నం దగ్గర ఆనించి, ఒక్కొక్కరినీ జాగ్రత్తగా దించాడు. పాపమో లేవలేదు, గోటితో ఎత్తి దించాల్సి వచ్చింది, అదీ విరిగిన గోటితో, గుచ్చుకోకుండా. అన్నీ అయ్యాక, ఇంటి దగ్గర ఏదో మర్చిపోయానని, భోజనానికి ఇంకోసారి వస్తానని గుమ్మం దగ్గర చెప్పాడు. మంచి అల్లుడు దొరికాడు, విస్తరి కూడా వేయనివ్వలేదు అని పుట్టమ్మ లోపల చాలాసేపు పొగిడింది. వాడు అవన్నీ వినలేదు. వెనకనుంచి నాన్నా, నాన్నా అని వినబడుతున్న కొద్దీ అడుగు పెద్దది చేసి, తీగల్లోపడి మాయమయ్యాడు.

అలుగు వాసన దూరమయ్యాక తళుకు అడుగు గదికి వెళ్ళింది. తన కూతుళ్ళు తనకున్నారు. ఇప్పుడు బయటికి పొమ్మన్నా బతకగలదు. అందుకే నిజం చెప్పాలనిపించింది. పుట్టమ్మ మొహం దగ్గర మొహం పెట్టి, భయపడుతూనే చెప్పింది.

"నేను చీమనమ్మా."

"క్షేమమేగా," అంది పుట్టమ్మ. "అదే కావాలే నాకు. పురిటి గదిలోనే ఉండండి. మీరంతా పట్టకపోతే పక్క గది కూడా అలికిస్తాను."

తళుకు రెండోసారి చెప్పలేదు. ఆవిడ నిజంగా అలా విన్నదో, అలా వినాలనుకుందో ఆ గోడలకే తెలియాలి. వానాకాలం వెళ్ళేసరికి ఆ పుట్ట పై అంతస్తులో చీమలు, కింది అంతస్తుల్లో చెదలు, మధ్యలో గోడ ఎక్కడ వెయ్యాలో తెలియక బంకమ్మ, హాయిగా కాపురం చేశారు.

అలుగు మాత్రం ఆకలితో కొండ దాటాడు. అవతల ఒక ఎండిన మోడులో, తనకు ముక్కూ మొహం తెలియని చీమలు బారులు తీరి కనిపించాయి. వాడికి ప్రాణం లేచొచ్చింది. నాలుక తీశాడు. ఆనించబోతూ, ఎందుకో వాడికే తెలియదు, "మీ పేర్లేమిటి?" అని అడిగాడు.

అవి మర్యాదగల చీమలు. వరసగా చెప్పడం మొదలుపెట్టాయి. వాడు మధ్యలోనే నాలుక లోపలికి తీసుకుని, పక్కనున్న మేడిచెట్టు కింద రాలిన పండ్లు ఏరుకుని, వాటిలో పురుగులకు కూడా పేర్లుంటాయేమోనని కళ్ళు మూసుకుని నమిలాడు.

చుట్టరికం కలుపుకోవడం చాలా తేలిక, కలుపుకున్నాక ఆ చుట్టాన్ని మింగడమే కష్టం.